మూర్ఛ డైరీలో మేం కొత్తగా గీసిన గడి

మా అమ్మాయికి ఎనిమిదో ఏట మూర్ఛ వ్యాధి ఉన్నట్లు తేలింది. పిల్లల్లో కనిపించే మూర్ఛల్లో అది తేలికపాటి రకమనీ, చాలామందిలో 16 ఏళ్లు వచ్చేసరికి దానంతట అదే ఆగిపోతుందనీ న్యూరాలజిస్టు మొదట్లోనే చెప్పారు. మందు మొదలుపెట్టాక ఫిట్స్ త్వరగానే తగ్గుముఖం పట్టాయి కూడా. అయినా ఆ ఏడాదంతా ఇంట్లో నలుగురమూ నలిగిపోయామంటే దానికి కారణం ఫిట్స్ కాదు. అవి తగ్గాక కూడా పిల్లలో మిగిలిపోయిన భయమూ, చిరాకూ, ఎవరితోనూ కలవకుండా ముడుచుకుపోవడమూను. వాటిని కూడా జబ్బులో భాగంగానే చూసి వైద్యం చేయించడం మా విషయంలో ఎలా జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మూర్ఛ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు మందుల గురించి చెప్పేవారు చాలామంది దొరుకుతారు గానీ, ఈ రెండో సంగతి ఎత్తేవారు తక్కువ.

నిర్ధారణ సంగతి క్లుప్తంగా చెబుతాను. జ్వరం వంటి తక్షణ కారణమేదీ లేకుండా, 24 గంటలకు మించిన ఎడంతో రెండుసార్లు ఫిట్స్ వస్తే సాధారణంగా దాన్ని మూర్ఛ వ్యాధిగా లెక్కిస్తారు. మా అమ్మాయికి అవి నిద్రపట్టిన కాసేపటికో, తెల్లవారుజామునో వచ్చేవి. మూతి ఒక పక్కకు లాగేది, చెంప అదిరేది, నోటి వెంట చొంగ కారేది, గొంతులోంచి గరగరమనే శబ్దం తప్ప మాట పెగిలేది కాదు. ఎప్పుడైనా అది ఒళ్లంతా పాకితే కాళ్లూ చేతులూ కొట్టుకునేవి. ఈసారి వస్తే వీలైనంతవరకు ఫోనులో వీడియో తీయమని డాక్టరు అడిగారు. ఫిట్స్ ఏ రకమో తేల్చడానికి మా వర్ణన కన్నా అర నిమిషం వీడియో ఎక్కువ పనికొస్తుందన్నారు. పిల్ల అలా ఉన్నప్పుడు ఫోను పట్టుకుని నిలబడడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఇ.ఇ.జి. పరీక్షకు ముందు రాత్రి ఆమెను బాగా పొద్దుపోయేదాకా మేలుకొని ఉంచమన్నారు, ఎందుకంటే ఈ రకంలో మెదడు తరంగాల తేడా నిద్రలోనే ఎక్కువగా బయటపడుతుంది. తల మీద కొలతలు వేసి, గుర్తులు పెట్టి, పేస్టుతో తీగలు అంటించారు. కాసేపు గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నారు, కళ్ల ముందు లైటు వెలిగించి ఆర్పుతూ చూశారు, ఆ తరవాత పడుకోబెట్టారు. నొప్పి ఏమాత్రం లేని పరీక్షే గానీ, జుట్టులో మిగిలిన ఆ పేస్టును వదిలించుకోవడం గురించే అమ్మాయి ఎక్కువగా ఏడ్చింది. ఫలితం చూపించేటప్పుడు డాక్టరు కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పారు. మొనదేలి పైకి లేచిన గీతల మీద వేలు పెట్టి, "ఇదేనా నాకు వచ్చేది?" అని అడిగింది. "కాదమ్మా, ఇది తీసినప్పుడు నీకు ఫిట్స్ రాలేదు, హాయిగా నిద్రపోయావు. ఎక్కడి నుంచి రావచ్చో ఈ గీతలు చెబుతాయి, అంతే" అన్నారాయన. "అంటే నేను బాగున్నప్పుడు కూడా ఇవి ఉంటాయా?" "ఉంటాయి. పెద్దదానివయ్యేకొద్దీ పోతాయి." ఆయన మాతో కాకుండా ఆమెతోనే మాట్లాడారు. ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు అమ్మాయి ముఖం తేలికపడి ఉండడం గమనించాను గానీ, ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

ఈ రకం మూర్ఛలో ఒక విశేషం ఉంది. ఫిట్స్ మూతికీ చెంపకూ పరిమితమై ఉన్నంతసేపూ పిల్లలకు స్పృహ పోదు. నోరు రాదు గానీ చుట్టూ జరుగుతున్నదంతా తెలుస్తూనే ఉంటుంది. డాక్టరు ఈ సంగతి చెప్పినప్పుడు విన్నాం. దాని అర్థం పూర్తిగా తెలిసింది మాత్రం అమ్మాయి వాళ్ల అన్నయ్యతో చెబుతున్న మాట మా చెవిన పడ్డాకే. "నాకు అన్నీ వినపడతాయి. అయ్యో, ఇక లేవదేమో అని ఏడ్చారు. లేస్తాను అని చెబుదామంటే నోరు రాలేదు" అంటోంది. ఆ మాట ఇంట్లో ఎవరన్నారన్నది ఇక్కడ అనవసరం. అలాంటి సమయంలో అలాంటి మాట రాని ఇల్లు ఉండదు.

ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో డాక్టరు చెప్పినదంతా మేము అప్పటికే ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాం. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు, గడియారం చూసుకోవాలి, 5 నిమిషాలు దాటితే ముక్కులో మిడజోలం అనే, ఫిట్స్ ఆపే మందు స్ప్రే కొట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ కాగితం అడుగున ఇంకో మాట చేర్చాం: ఎవరో ఒకరు ఆమెకు వినపడేలా, మామూలు గొంతుతో మాట్లాడుతూ ఉండాలి. "వచ్చింది, తగ్గిపోతుంది, నేను పక్కనే ఉన్నాను, ఇప్పటికి ఒక నిమిషం అయింది." నిమిషాలు పైకి చెప్పాలన్నది అమ్మాయి కోరికే. ఎంతసేపైందో తెలుస్తుంటే భయం తక్కువగా ఉంటుందని తనే చెప్పింది.

ఫిట్స్ నిద్రలోనే వస్తాయి గనక ఆమెకు పడుకోవడమంటేనే భయం పట్టుకుంది. దాహమనేది, బాత్రూమ్ అనేది, హోంవర్క్ ఏదో మరిచిపోయానని లేచి పుస్తకాల సంచి ముందేసుకునేది, లైటు ఆర్పితే ఊరుకునేది కాదు. నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఫిట్స్ వస్తే మర్నాడు పడుకోవడానికి మరింత భయం. అదే రోజుల్లో పగటిపూట మరో మార్పు కనిపించింది. మెత్తని పిల్ల కాస్తా చీటికిమాటికి కస్సుమనడం మొదలుపెట్టింది. ఒకరోజు రంగు సరిగ్గా పడలేదని తను ఎంతో ఇష్టంగా నింపుకుంటూ వచ్చిన బొమ్మల పుస్తకాన్ని పేజీ తరవాత పేజీ చింపేసి, ఆ ముక్కల మధ్య కూర్చుని, "నేనెందుకు చింపాను?" అని నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆసుపత్రిలో ఇచ్చిన మూర్ఛ డైరీలో తేదీ, సమయం, ఎంతసేపు, ఎలా వచ్చింది, మందు తప్పిందా అన్న గడులే ఉన్నాయి. ఫిట్స్ రాని రోజున ఆ వరుస ఖాళీగా ఉంటుంది, అంటే ఆ రోజు అంతా బాగున్నట్లే లెక్క. నా భార్య స్కేలు పెట్టి పక్కన ఇంకో గడి గీసి, పైన "ఈ రోజు ఎలా ఉంది" అని రాసింది. మొదట్లో మేమే నింపేవాళ్లం. కొన్నాళ్లకు అమ్మాయి పెన్సిలు లాక్కుని, మేము "కోపంగా ఉంది" అని రాసినచోట కొట్టేసి "భయంగా ఉంది" అని రాసింది. అప్పటి నుంచి ఆ గడి ఆమెదే అయింది.

తరవాతిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు ఫిట్స్ గడులు చూసి సంతోషించి, ఆ చివరి గడి దగ్గర ఆగిపోయారు. ఆమె వాడుతున్న లెవెటిరసెటామ్ అనే మూర్ఛ మందు మోతాదు పెంచిన నాటి నుంచి కోపం, ఏడుపు పెరిగిన తీరు అందులో స్పష్టంగా ఉంది. ఆ మందు వాడే పిల్లల్లో కొందరికి చిరాకు, దుడుకుతనం రావడం తెలిసిన సంగతేనని, అడిగితే తప్ప తల్లిదండ్రులు చెప్పరని ఆయన అన్నారు. పిల్ల మొండితనమని మనం అనుకుంటాం గనక చెప్పం, అంతే. అలాగని మందును మా అంతట మేము ఆపకూడదని గట్టిగా చెప్పారు, ఎందుకంటే మూర్ఛ మందును ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తీవ్రంగా, ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఆక్స్‌కార్బజెపీన్ అనే మరో మూర్ఛ మందును మెల్లగా పెంచుతూ మొదటి మందును మెల్లగా తగ్గించారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే చెప్పమన్నారు, రక్తంలో సోడియం ఎంతుందో మధ్యలో పరీక్ష చేయించారు. లెవెటిరసెటామ్ చెడ్డ మందని నేను అనడం లేదు. ఏ ఇబ్బందీ లేకుండా దాన్ని వాడుతున్న పిల్లలు ఎందరో ఉన్నారు. మా అమ్మాయికి మాత్రం మందు మార్చిన కొన్ని వారాల్లో కోపం చాలావరకు పోయింది. భయం పోలేదు. దానికి మందు మార్పిడి సరిపోదని చెప్పి, పిల్లల సైకాలజిస్టు దగ్గరకు పంపారు.

ఆవిడ మొదట మాకొకటి, పాఠశాలలో టీచరుకొకటి, 25 వాక్యాలున్న పత్రం ఇచ్చారు. ఒక్కో వాక్యం ఎదురుగా నిజం కాదు, కొంతవరకు నిజం, కచ్చితంగా నిజం అని గుర్తు పెట్టాలి. మేము కోపం గురించిన వాక్యాల దగ్గర ఎక్కువ గుర్తులు పెట్టాం. టీచరు మాత్రం అమ్మాయి ఎప్పుడూ దేనికో దిగులుపడుతుందనీ, విరామంలో ఒంటరిగానే ఉంటుందనీ గుర్తు పెట్టారు. ఇంట్లో అరిచే పిల్ల బడిలో అసలు నోరు విప్పడం లేదన్నమాట.

ఇది మా ఇంట్లోనే జరుగుతోందా అని అడిగాను. కాదని ఆవిడ చెప్పిన తరవాత నేనూ కొంత చదివాను. పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రట్టర్, ఆయన సహచరులు ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో బడి పిల్లల మీద చేసి 1970లో వెలువరించిన అధ్యయనంలో, మామూలు పిల్లల్లో సుమారు 7 శాతం మందికి మానసిక సమస్యలుంటే, మెదడులో వేరే దెబ్బ ఏదీ లేకుండా మూర్ఛ మాత్రమే ఉన్న పిల్లల్లో అది సుమారు 29 శాతం. 2003లో బ్రిటన్‌లో వెలువడిన మరో అధ్యయనంలో మూర్ఛ ఉన్న పిల్లల్లో 37 శాతం, మధుమేహం ఉన్నవారిలో 11 శాతం, ఈ రెండూ లేనివారిలో 9 శాతం అని తేలింది. నన్ను ఆలోచింపజేసింది మధుమేహం అంకె. అదీ రోజూ మందు కావలసిన జబ్బే, అదీ ఆంక్షలున్న జబ్బే. అయినా అంత తేడా. కాబట్టి దీర్ఘవ్యాధి తాలూకు విసుగు ఒక్కటే దీనికి కారణం కాదు. మెదడులోని ఆ విద్యుత్ అలజడి, దానికి వాడే మందులు, ఎప్పుడొస్తుందో తెలియకపోవడం, చూసేవాళ్ల చూపులు, అన్నీ కలిసి పిల్ల మీద పనిచేస్తాయని నాకు అర్థమైంది.

సైకాలజిస్టు దగ్గర జరిగిన పనిలో అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఆ వీడియో వ్యవహారం. నా ఫోనులో తన వీడియో ఉందని అమ్మాయికి తెలుసు, చూపించమని ఎన్నాళ్లుగానో అడుగుతోంది, మేము మాట మారుస్తున్నాం. చూపించవచ్చునని, కానీ దానికొక పద్ధతి ఉండాలని ఆవిడ అన్నారు. ముందు తను ఎలా ఉంటుందని ఊహించుకుంటోందో చెప్పించారు: కళ్లు బయటికి పొడుచుకొస్తాయనీ, నాలుక వేలాడుతుందనీ, ముఖం నల్లగా అయిపోతుందనీ చెప్పింది. తరవాత శబ్దం తీసేసి, ఆపమన్నప్పుడు ఆపేలా ఫోను ఆమె చేతికే ఇచ్చి, నన్ను పక్కన కూర్చోమన్నారు. చూసింది. "ఇంతేనా?" అంది. మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని చూసి, "ఇది ఇలా ఊగుతోందేంటి నాన్నా?" అని అడిగింది. నా చెయ్యి వణికిందని చెప్పాను. "నీకూ భయమేసిందా?" "వేసిందమ్మా." కాసేపు ఆలోచించి, తనను అడగకుండా ఈ వీడియో డాక్టరుకు తప్ప ఇంకెవరికీ చూపించకూడదని షరతు పెట్టింది. బంధువులకు పంపిన మాట లేదు గానీ, పంపమని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ షరతు న్యాయమైనదేనని సైకాలజిస్టు మా వైపు చూసి అన్నారు.

పడుకునే భయానికి వేరే పద్ధతి నడిచింది. రోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో పనులు ముగించి పడుకోవడం, భయం వచ్చినప్పుడు దానికి 10కి ఎన్ని మార్కులో చెప్పడం, ఊపిరి నెమ్మదిగా వదలడం, మేము గదిలో ఉండే సమయాన్ని కొద్దికొద్దిగా తగ్గించడం. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేని పని, నెలల తరబడి విసుగు పుట్టించే పని, కానీ పనిచేసింది.

మా ఇద్దరికీ కూడా ఆవిడ ఒక పని పెట్టారు. జబ్బు బయటపడిన దగ్గర నుంచి అమ్మాయికి మేము "వద్దు" అన్నవన్నీ రాసి, వాటిలో వైద్యపరంగా అవసరమైనవి ఏవో న్యూరాలజిస్టును అడిగి రమ్మన్నారు. పరుగెత్తవద్దు, ఎండలో ఆడవద్దు, సైకిలు వద్దు, టీవీ వద్దు, ఈత వద్దు, స్నేహితుల ఇంటికి వద్దు. జాబితా కాగితం రెండో వైపుకు కూడా వెళ్లింది. న్యూరాలజిస్టు పెన్ను తీసి ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చారు. ఈత అయితే విషయం తెలిసిన పెద్దవారు కళ్ల ముందే ఉండాలి, బాత్రూమ్ గడియ వేసుకోకూడదు, ఒంటరిగా ఎత్తులు ఎక్కకూడదు, సైకిలు తొక్కేటప్పుడు హెల్మెట్ ఉండాలి, మందూ నిద్రా వేళ తప్పకూడదు. మిగిలినవి అక్కర్లేదన్నారు. వెలిగి ఆరే కాంతి వల్ల ఫిట్స్ రావడం మూర్ఛ ఉన్నవారిలో కొద్దిమందికే ఉంటుందని, ఇ.ఇ.జి.లో లైటు వేసి చూసినప్పుడు మా అమ్మాయికి అలాంటిదేమీ కనపడలేదని, కాబట్టి టీవీని కట్టడి చేయాల్సింది నిద్ర కోసమే గానీ ఫిట్స్ కోసం కాదని వివరించారు. కొట్టేసిన ఆ కాగితాన్ని అమ్మాయి అడిగి తీసుకుని తన గది తలుపుకు అంటించుకుంది.

జాబితాలో రాయనిది ఒకటుంది. నా భార్య నెలల తరబడి పిల్ల పక్కనే, ఒక చెయ్యి పిల్ల ఛాతీ మీద వేసి పడుకునేది. నిజానికి పడుకునేది కాదు. నిద్రలోనే ప్రాణం పోతుందేమో అన్న భయాన్ని ఆమె చివరికి న్యూరాలజిస్టు దగ్గర నోరు తెరిచి అడిగింది. ఆయన దాటవేయలేదు. మూర్ఛ ఉన్నవారిలో అలాంటి ఆకస్మిక మరణం ఉంటుందనీ, పిల్లల్లో అది ఏడాదికి సుమారు 4,500 మందిలో ఒకరికి జరుగుతుందనీ, ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ అదుపు లేకుండా పదేపదే వచ్చేవారిలో ఆ ప్రమాదం ఎక్కువనీ, మా అమ్మాయిలాంటి పిల్లల్లో చాలా అరుదనీ, వేళకు మందు వేయడమే దానికి సరైన రక్షణ అనీ చెప్పారు. అంకె తెలిశాక భయం పెరుగుతుందనుకున్నాను, తగ్గింది. సైకాలజిస్టు ఆమెతో విడిగా కూడా మాట్లాడారు. మూర్ఛ ఉన్న పిల్లల తల్లుల్లో కుంగుబాటు చాలా ఎక్కువగా కనపడుతుందని, తల్లికి నిద్ర లేకుండా పిల్లకు ధైర్యం రాదని చెప్పారు. ముందు మంచం దూరంగా జరిగింది, తరవాత తలుపు దగ్గరికి వచ్చింది, ఆ తరవాత శబ్దం వినిపించే పరికరం పెట్టుకుని పక్క గదికి మారింది. ఈ విషయంలో మా ఇద్దరికీ జరిగిన వాదనలు రాస్తే ఇది తెగదు.

పెద్దవాడి గురించి అందరికన్నా ఆలస్యంగా తెలిసింది. వాడికి అప్పుడు పదమూడేళ్లు. చెల్లెలి గదిలో చిన్న చప్పుడైనా మాకన్నా ముందు వాడే లేచేవాడు. స్నేహితులతో బయటికి వెళ్లడం మానేశాడు, అడిగితే ఇష్టం లేదన్నాడు. సైకాలజిస్టు వాడితో ఒంటరిగా కూర్చున్నాక బయటపడ్డ మొదటి ప్రశ్న: "నాకూ వస్తుందా?" తోబుట్టువులకు వచ్చే అవకాశం ఇతర పిల్లల కన్నా కాస్త ఎక్కువే గానీ, మొత్తం మీద తక్కువేనని, చాలామంది తోబుట్టువులకు ఎన్నటికీ రాదని చెప్పారు. ఇంకో మాట కూడా వాడికి స్పష్టంగా చెప్పమన్నారు: ఫిట్స్ వస్తే పెద్దవాళ్లను పిలవడం వరకే నీ పని, కాపలా నీ పని కాదు. వారంలో ఒక సాయంత్రం మూర్ఛ మాట రాకుండా వాడితో గడపడం మొదలుపెట్టాం. మొదట్లో వాడు అనుమానంగా చూశాడు, ఏదో చెడువార్త చెప్పబోతున్నామని.

బడిలో ఎవరికి ఎంత చెప్పాలన్నది అమ్మాయే నిర్ణయించింది. టీచరుకు ఒక పేజీ కాగితం ఇచ్చాం: ఫిట్స్ ఎలా ఉంటుంది, ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎప్పుడు ఆసుపత్రికి ఫోను చేయాలి. తరగతిలో మాత్రం తన ఇద్దరు స్నేహితురాళ్లకు తనే చెప్పుకుంటానంది. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "అంటుకుంటుందా?" అంటుకోదని చెప్పి, ఇ.ఇ.జి.లో తను చూసిన గీతలను కాగితం మీద వేసి చూపించిందట. ఈ రకం మూర్ఛ ఉన్న కొందరు పిల్లలకు చదవడంలో, విన్నది గుర్తుపెట్టుకోవడంలో కొంచెం ఇబ్బంది ఉంటుంది. పరీక్షించి చూస్తే మా అమ్మాయికీ కొద్దిగా ఉంది. సూచనలు నోటితో చెప్పి వదిలేయకుండా బోర్డు మీద కూడా రాయడం, పరీక్షల్లో కొంత అదనపు సమయం ఇవ్వడం, ఈ రెంటితోనే చాలా తేడా కనపడింది. మందబుద్ధి అని తనకు తాను పెట్టుకున్న పేరును అంత తేలిగ్గా వదల్లేదు గానీ, ఇప్పుడు ఆ మాట తక్కువగా వస్తోంది.

ఫిట్స్ లేకుండా రెండేళ్లు నిండితే, మళ్లీ ఇ.ఇ.జి. తీసి, మందును నెమ్మదిగా తగ్గించే ఆలోచన చేయవచ్చని డాక్టరు చెప్పారు. ఆ గడువు దగ్గరపడుతున్నకొద్దీ డైరీ చివరి గడిలో భయం అన్న మాట మళ్లీ కనపడడం మొదలైంది. మందు ఉన్నంతకాలం మందు మీద విసుగు, మందు పోతుందంటే దాని మీద బెంగ. అందుకని మందు తగ్గించడం మొదలుపెట్టకముందే సైకాలజిస్టు దగ్గరకు వెళ్లడం మళ్లీ మొదలుపెట్టాం. తగ్గించేటప్పుడు ఫిట్స్ తిరిగి వస్తే ఏం చేస్తారని అమ్మాయే న్యూరాలజిస్టును అడిగింది. మళ్లీ మందు వేస్తామని, అది ఓడిపోవడం కాదని ఆయన చెప్పారు. అయితే పరీక్షల నెలలో మాత్రం మొదలుపెట్టవద్దని ఆమె కోరింది. ఆయన క్యాలెండరు తెరిచి చూసి, సెలవుల మొదటి వారం నుంచి మొదలుపెడదామని అక్కడికక్కడే తేదీ రాశారు.